బావి పేరు

మా కోడలు బాల్జియా స్టీరింగ్ పట్టుకుంటే ఉస్త్యుర్త్ ఎడారే పక్కకి జరిగి దారిస్తుందని మావాళ్ళంటారు. పక్కన కూచునేది నేను కదా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని! మా ఆయన పోయాక ఆయన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు షెడ్డులో పడుంటే, నా సుపుత్రుడు "నాకు ఇసకంటే భయమమ్మా" అని చేతులెత్తేశాడు. ఈ మహాతల్లి తాళాలు అందుకుంది. ఇసక తగిలితే టైర్లలో గాలి తీస్తుంది, గట్టినేల రాగానే మళ్ళీ కొడుతుంది, ఇంజను వేడెక్కితే దాన్ని తిడుతుంది. నన్ను అనలేనివన్నీ దాన్నే అంటుందని నా అనుమానం.

ఆ జూన్‌లో అల్మాటీ నుంచి గెన్నాది అని, పటాలు గీసే ఆయన వచ్చాడు. ఏ పటంలోనూ లేని పాత బావులు బాల్జియా ఆయనకి చూపించి పేర్లు చెప్పాలి. పరాయి మగాడితో కోడల్ని ఒంటరిగా పంపుతానా? టీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని నేనూ ఎక్కాను.

మూడో రోజు, ఎండిపోయిన ఒక బావి దగ్గర ఆయన "దీని పేరేంటి?" అన్నాడు. బాల్జియా తల దించుకుంది. నేను ఆకాశం చూశాను. ఆ బావి తవ్వింది మా ఆయన, దాని పేరూ ఆయన పేరే. మా కజకుల్లో ఆడది మామగారి పేరు పలకదు, మొగుడి పేరూ పలకదు. పాపం గెన్నాది పుస్తకంలో ఖాళీ వదిలేశాడు.

బయల్దేరి పది నిమిషాలు కాలేదు, నా నోరు ఊరుకుందా?

"అంత చుట్టూ ఎందుకే? ఈ తెల్లనేల మీదుగా పో. మీ మామ ఇటే వెళ్ళేవాడు."

"అది ఉప్పు బురదత్తా, పైన పెంకు మాత్రమే గట్టి. మామయ్య వెళ్ళింది చలికాలంలో."

"నాకే చెబుతున్నావా?"

ఇంకేముంది, ఇరుసుల దాకా దిగబడింది. మిట్టమధ్యాహ్నం దాకా తవ్వాం. నీళ్ళు రెండు లీటర్లు మిగిలాయి. సెల్‌ఫోన్లు ఆ దిక్కుకి ఇంకా రాని రోజులు. చేతి రేడియో ఉందిగానీ, దాని బ్యాటరీ కొనఊపిరితో ఉంది. బాల్జియా ఎంతసేపో అరిస్తే నీళ్ళ ట్యాంకరు డ్రైవరొకడు పలికాడు.

"ఏ బావి దగ్గరక్కా?"

"మా మామగారు తవ్విన బావి దగ్గర."

"మీ మామగారు నాకేం తెలుసక్కా, నాది ఈ ఊరు కాదు, షిమ్కెంట్! ఇక్కడ నలభై బావులున్నాయి. పేరు చెప్పు, పక్కనే కాపరి ఉన్నాడు, అడుగుతా."

"పేరంటే... మామగారి పేరే."

"యా అల్లా!"

గెన్నాది నీడలో చతికిలపడ్డాడు. పెదవులు పగిలి, మాట ముద్దగా వస్తోంది. బాల్జియా ఆయన పెన్సిలు తీసుకుంది. "రాయనా అత్తా? ఆయన చదివి చెబుతాడు. రాస్తే అన్నట్టు కాదుగా?"

"రాసినా అన్నట్టే! ప్రాణం పోయినా వీల్లేదు!"

"నిజంగానే పోయేలా ఉందత్తా. ఆయన్ని చూడు."

అంది గానీ, పెన్సిలు కింద పెట్టేసింది. నా మాట తీసెయ్యలేక ఎండలో మాడి చావడానికైనా సిద్ధపడింది పిచ్చిది. బురదలోకి తోసింది నేను, ఇప్పుడు నోరు కుట్టేసిందీ నేనే. నా మీద నాకే ఒళ్ళు మండింది.

"ఇటు తే!" అని రేడియో లాక్కున్నాను. "సార్సెన్‌బాయ్" అన్నాను. నాకే వినపడనంత మెల్లిగా. నలభై ఒక్కేళ్ళ కాపురంలో ఒక్కసారీ అనలేదు. చివరి రోజు ఆయన కళ్ళు మూస్తుంటే కూడా "ఏమండీ, ఏమండీ" అనే ఏడ్చాను.

"వినపళ్ళేదమ్మా, గట్టిగా!"

"సార్సెన్‌బాయ్! సార్సెన్‌బాయ్ బావి!"

"ఆఁ, కాపరికి తెలుసంట! మూడు గంటల్లో వస్తా, ఉన్నచోటే ఉండండి."

గెన్నాది పుస్తకంలో రాసుకున్నాడు. నేను రేడియో వదల్లేదు.

"సార్సెన్‌బాయ్!"

"బ్యాటరీ అయిపోయిందత్తా," అంది బాల్జియా మెల్లిగా. "ఇక వాడికి వినపడదు."

"వాణ్ణి కాదే నేను పిలుస్తున్నది," అని మళ్ళీ పిలిచాను.