కుట్టు మీద దిష్టి చుక్క

ప్లాస్టిక్ సర్జరీ శిక్షణలో చేరేటప్పుడు కష్టాల గురించి అందరూ చెప్పారు. నిద్ర ఉండదన్నారు, నడుము విరుగుతుందన్నారు, పెద్ద సారుకు ముక్కు మీదే కోపమన్నారు. పక్కన నిలబడే తోటి రెసిడెంటును చూస్తే కడుపు మండుతుందని మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మా బ్యాచిలో ఇద్దరమే. నాది పెనుకొండ, మా నాయన బడిపంతులు. అతనిది ధర్మవరం అవతల కనగానపల్లి దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. ఒకే జిల్లా వాళ్ళం కాబట్టి అన్నదమ్ముల్లా కలిసిపోతామని ఆసుపత్రిలో అందరూ అనుకున్నారు. అన్నదమ్ముల మధ్య ఏముంటుందో పొలాలు పంచుకున్న ఇళ్లలో అడిగితే తెలిసేది.

ఏ రోజైనా నేను అతనికంటే ముందే వచ్చేవాడిని, అతని తర్వాతే వెళ్ళేవాడిని. అతనేమో రెండు ఆపరేషన్ల మధ్య కాస్త సందు దొరికితే కుర్చీలోనే గురక పెట్టేవాడు. లేచి చేతులు కడుక్కుని సూది పట్టుకుంటే మాత్రం చెయ్యి రవ్వంత కూడా అదిరేది కాదు. సన్నని రక్తనాళాలు కుట్టడం చేతికి రావాలని నేను కోడి కాళ్ళు కొనుక్కొచ్చి హాస్టల్లో సాధన చేసేవాడిని. ఒక ఆదివారం అతను వచ్చి, నా పక్కన కూర్చుని, కబుర్లు చెబుతూనే నాకంటే బాగా కుట్టేసి, ముట్టని కాళ్ళన్నీ తీసుకుపోయి పులుసు పెట్టాడు. పులుసు కూడా బాగుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా పెద్ద సారుకు ఒక పద్ధతి ఉంది. ఏ ఆపరేషన్ ఎవరు చెయ్యాలో ముందుగా చెప్పరు. పేషెంటుకు మత్తు ఇచ్చాక చర్మం మీద గుర్తులు గీసే పెన్ను ఎవరి వైపు చాపితే ఆపరేషన్ వాళ్ళది. రెండో వాళ్ళు కోత అంచులను లాగి ఉంచే కొక్కెం పట్టుకుని నిలబడాలి. మొదటి ఏడాది ఇద్దరం కొక్కేలే పట్టుకున్నాం. రెండో ఏడాదిలో పెదవి చీలికతో పుట్టిన పిల్లల ఆపరేషన్లు మాకు ఇస్తారని తెలిసింది. అప్పటినుంచి నేను పెద్ద సారు చేతినే చూస్తూ బతికాను.

ఆ పిల్లలను వెతకడానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో వంతులవారీగా క్యాంపులు పెట్టేవాళ్ళం. హిందూపురం క్యాంపుకు గుడిబండ నుంచి ఒక అవ్వ మనవడిని చంకనేసుకుని వచ్చింది. మూడు నెలల బిడ్డ, పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. దాన్నే గ్రహణం మొర్రి అంటారు.

"గ్రహణం పొద్దు బయటికి పోవద్దే అంటే మా కోడలు ఇనల్యాదప్పా," అంది అవ్వ. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని, కోడలి తప్పేమీ లేదని వివరంగా చెప్పాను. అవ్వ మర్యాదగా విని, ఒక్క ముక్క కూడా నమ్మలేదు. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది. "నీది పెనుకొండంట గదా నాయనా. మనోనివే. నువ్వే కుట్టల్ల మా వానికి."

అలాగే అవ్వా అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదు. అయినా ఆ వారమంతా కాగితాల మీద, బొప్పాయి కాయ మీద, నా మోకాలి మీద కూడా ఆ బిడ్డ పెదవి గీసుకున్నాను.

ఆపరేషన్ రోజు పెద్ద సారు పెన్ను అతని వైపు చాపారు.

నేను కొక్కెం పట్టుకున్నాను. అతను పెన్నుతో గుర్తులు గీశాడు. పెన్ను గీతలు తుడిస్తే పోతాయి కాబట్టి, వాటి మీద నీలి రంగులో ముంచిన సూదితో సన్నగా చుక్కలు పొడిచాడు. ఆ తర్వాతే నెత్తురు ఎక్కువ కారకుండా ఇంజెక్షన్ ఇచ్చాడు. ఈ వరుస తప్పకూడదు. ఇంజెక్షన్ పడగానే పెదవి ఉబ్బిపోతుంది, చుక్కలు లేకపోతే ఏ అంచు ఏ అంచుకు కలపాలో బ్రహ్మకు కూడా తెలియదు. ఎర్రని పెదవి, చర్మం కలిసే చోట ఒక గీత ఉంటుంది. అది వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఆ బిడ్డ జీవితాంతం మోయాలి. అతను దాన్ని అల్లుడికి పట్టుపంచె అంచు సర్దినంత తీరుబడిగా కలిపాడు. పెద్ద సారు "ఊఁ" అన్నారు. ఆయన నోట ఆ "ఊఁ" రావడం అంటే మాటలు కాదు.

కొన్ని వారాల తర్వాత హిందూపురంలో అవ్వ మళ్ళీ వచ్చింది. నేను బిడ్డను వెలుతురుకు తిప్పి పెదవంతా గాలించాను. ఎక్కడైనా ఒక ఎగుడుదిగుడు, ఒక ముడత దొరకాలని, బిడ్డకు ఇబ్బంది లేనంత చిన్న తప్పయినా చాలునని, మనసులో మొక్కుకున్నాను. ఏమీ దొరకలేదు. సన్నని ఎర్రగీత ఉంది, అదీ పాలిపోతోంది. బిడ్డ బుగ్గ మీద మాత్రం రూపాయంత నల్లటి కాటుక చుక్క ఉంది.

"ముందు పుట్టినప్పుడు చుక్క పెట్టల్యాదు నాయనా, ఈనికి ఎవురి దిష్టి తగుల్తాదిలే అని," అంది అవ్వ. "ఇప్పుడు చూడు ఎంత సక్కగుండాడో. ఎవుని పాడు కండ్లన్నా పడతాయి."

ఆ పాడు కళ్ళతోనే నేను బిడ్డను చూస్తున్నాను. తల వంచుకుని చీటీ రాశాను.

అప్పటినుంచి నాకు పిచ్చి పట్టుకుంది. ఒక్క పెదవి కుట్టాలి, దాన్ని చూసి అతను కుళ్ళుకోవాలి. డిగ్రీ, పేరు, పెద్ద సారు "ఊఁ" కూడా తర్వాత సంగతి. నేను పడ్డ మంటలో పాతికో వంతైనా అతను పడితే చాలు.

నా వంతు ధర్మవరం నుంచి వచ్చిన ఓ చంటి ఆడపిల్లతో వచ్చింది. పెద్ద సారు పెన్ను నా వైపు చాపారు. అతను కొక్కెం పట్టుకున్నాడు. బొప్పాయి మీద గీసిన గీతలన్నీ చేతిలోకి వాటంతటవే వచ్చాయి. గుర్తులు బ్రహ్మాండంగా కుదిరాయి. ఆ సంబరంలో అతను చూశాడా లేదా అని ఓ కన్ను అటేసి, సిరంజి అందుకున్నాను. సూది పెదవికి తగలబోతుండగా నా మణికట్టు కింద ఏదో చల్లగా తగిలింది. నీలి రంగు గిన్నె. అతను నోరు మెదపకుండా దాన్ని నా చేతి కిందికి జరిపాడు. చుక్కలు పొడవకుండానే ఇంజెక్షన్ ఇవ్వబోయాను.

పెద్ద సారు అప్పుడు మత్తు డాక్టరుతో మాట్లాడుతున్నారు, చూడలేదు. అతను తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు, నాతో కూడా ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే తిట్టుకోవడానికైనా నాకో వంక దొరికేది. బయటికొచ్చాక, "టీ తాగుదాం రాబ్బా, బాగా కుదిరింది," అన్నాడు.

ఆ బిడ్డను మళ్ళీ చూసింది ధర్మవరం క్యాంపులో. తల్లి గడప దాటుతుండగానే నేను పెదవిని కాదు, బుగ్గను చూశాను. చుక్క లేదు. నుదుటి మీద లేదు, అరికాలిలో ఉందేమోనని మేజోడు కూడా తీసి చూశాను. నేను కుట్టిన పెదవికి దిష్టి తగులుతుందని కన్నతల్లికే అనిపించలేదు.

ఇంతలో అతను వచ్చి బిడ్డను అందుకుని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. హిందూపురంలో నేను చూసినట్టే చూశాడు, అంతకంటే ఎక్కువ సేపే చూశాడు. అతని ముఖంలో ఆ మంట ఒక్కసారి కనబడితే చాలనుకున్నాను.

"ఏమక్కా, చుక్క పెట్టకుండానే తెచ్చినావా బిడ్డను?" అని తల్లిని గదమాయించాడు. "నా దిష్టే తగిలేట్టుండాది. ఇంత బాగా నాకు కూడా రాదు."

"తొందర్లో మర్చిపోయినా సార్. కాటుక తేల్యాదు," అంది తల్లి.

అతను నా జేబులోంచి గుర్తులు గీసే పెన్ను లాక్కుని, బిడ్డ బుగ్గ మీద గుండ్రంగా ఓ చుక్క పెట్టాడు. తల్లి నవ్వింది, నర్సు నవ్వింది. నేను నెలల తరబడి ఎవరికీ చెప్పుకోలేక లోపల దాచుకున్న మాటను అతను అందరి ముందు నవ్వుతూ అనేశాడు.

నిజంగానే దిష్టి పెట్టాడా? పెనుకొండ బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. ఇంటికి పోగానే అమ్మకు జరిగిందంతా చెప్పాను.

"నోరిడిచి అన్న దిష్టి ఊరికే పోదు. కూచో ఈడ," అంది అమ్మ. ఉప్పు, ఎండు మిరపకాయలు గుప్పిట పట్టి నా చుట్టూ తిప్పింది. పాత పెనంలో కొబ్బరి చిప్ప ముట్టించి వాటిని అందులో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత కాలినా ఘాటు రాదు, లేకపోతే కొంప కొంపంతా దగ్గుతుంది. అది అమ్మ లెక్క. ఇన్నేళ్ళు డాక్టరు చదువు చదివినవాడిని, ఆ పెనం మీదికి వంగి గాలి పీలుస్తూ కూర్చున్నాను. కాసేపు ఏ వాసనా రాలేదు. నా ప్రాణం లేచొచ్చింది.

ముందు అమ్మ దగ్గింది. తర్వాత వరండాలోంచి నాయన దగ్గాడు. ఆ వెనకే పక్కింటివాళ్ళు ఏం మాడుతోందని కేకేశారు.

"దిష్టి ల్యాదు, గిష్టి ల్యాదు," అంది అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ఆ పిల్లోని మనసులో ఏం ల్యాదురా. బాగుండాదని మెచ్చుకున్న్యాడు, అంతే. మంచోడు."

అమ్మ కిటికీలు తీస్తుంటే, ఇంకో నాలుగు మిరపకాయలు వేసి చూడమని అడిగాను.