మోడెమ్‌కి బాబాయిగారి పలకరింపు

ఆ రోజుల్లో గుంటూరులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చినవాడికి కాళ్లు నేల మీద ఆనేవి కావు. ఎనభైల చివర్లో పిడుగురాళ్ల దగ్గర ఒక సున్నం కంపెనీలో చేరిన నాకైతే, చుట్టూ ఉన్నవాళ్లంతా రాతియుగం మనుషుల్లాగే కనిపించేవాళ్లు. (ఆ మనుషులకు కనీసం నిప్పు రాజేయడం వచ్చు. నాకు అదీ రాదు.) ఏ లారీకి ఎంత సున్నం ఎత్తామో ఆ లెక్కను రోజూ మోడెమ్ పెట్టి, ఫోన్ లైను మీద హైదరాబాదు ఆఫీసు కంప్యూటరుకు పంపడం నా ఉద్యోగం. "శనివారం లోపు ఒక్క ఫైలన్నా రాకపోతే ఆ అబ్బాయిని ఇంటికి పంపెయ్యండి" అని ఓనరుగారు కబురు పెట్టారు. ఇల్లంటే గురజాల, నాన్న మిరపచేను. "నీ చదువు పురుగుమందు కొట్టడానికి పనికొస్తదిలే" అని ఆయన అప్పటికే అని ఉన్నాడు.

శనివారం పొద్దుటి నుంచీ ఫైలు సగం దాకా వెళ్లడం, తెగిపోవడం. ప్రొటోకాల్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఫైలును ముక్కలు చేసి పంపుతుంది, అవతలి మిషను అందిందంటేనే తర్వాతి ముక్క వదులుతుంది, లైన్లో గోల ఎక్కువైతే విసిగి మానేస్తుంది. హైదరాబాదు ఇంజనీరు మహానుభావుడు "పారిటీ సెట్టింగు మార్చు" అన్నాడు, మార్చాను. "స్పీడు తగ్గించు" అన్నాడు, తగ్గించాను. అతనికేమీ తెలియదని నాకు తెలుసు, నాకూ తెలియదని అతనికి తెలుసు. అయినా ఇద్దరం దర్జాగా ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం.

చివరికి ఒళ్లు మండి లేచి మేనేజరు గదిలోకి తొంగిచూశాను. మేనేజరంటే ఓనరుగారి బావమరిది, మా అందరికీ బాబాయిగారు. అదే లైనుకున్న రెండో ఫోను చెవిన పెట్టుకుని, "హలో, బాగున్నారా? హలో" అంటూ మోడెమ్‌ను పలకరిస్తున్నారు.

"మీరు ఫోనెత్తితే ఫైలు చెడిపోద్ది బాబాయిగారూ" అన్నాను.

"హైదరాబాదుకు ట్రంకు కాల్ కలిసినాక పలకరించకుండా ఎట్టారా? ఏమనుకుంటారు వాళ్లు?"

"అవతల మనుషులు లేరండీ. మిషను."

"మరి ఆ కూతేంది? ఎవరో చానా బాధపడతన్నట్టుంది."

బతిమాలి రిసీవరు పెట్టించి, మళ్లీ ఎత్తనని మాట తీసుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాను. ఫైలు మొత్తం వెళ్లింది. నేనింకా ఆ ఆనందంలో ఉండగానే బాబాయిగారు వచ్చి, "సరిగ్గా పోయిందని నమ్మకమేందిరా? లైను కలిపి ఒకసారి చదివి ఇనిపించు" అన్నారు. ముక్కముక్కా సరిచూసుకునే వెళ్తుందండీ అంటే వింటేనా. లారీ నంబర్ల దగ్గర్నుంచి చివరి బస్తా దాకా, ఆ పాడు లైన్లో అరిచి అరిచి చదివాను. బయట లోడెత్తే కూలీలు పని ఆపి మరీ విన్నారు.

సోమవారం నా ఉద్యోగం ఖాయమైంది. "కుర్రాడి గొంతు బాగుంది, ప్రతి అంకె ఇనపడతది" అని బాబాయిగారే సిఫార్సు చేశారట. మోడెమ్‌కు గుడ్డ కప్పి బీరువాలో పెట్టారు. నేను మాత్రం కొన్నేళ్ల పాటు సున్నం లెక్కల్ని రోజూ సాయంత్రం హైదరాబాదుకు అరిచాను. ఇప్పటికీ నేను ఫోన్ తీస్తే మా ఆవిడ లేచి తలుపు వేస్తుంది. ఆ సోమవారం గురజాలలో బస్సు దిగి, మా నాన్నతో "కంప్యూటరు ఉద్యోగం పర్మినెంటయింది" అని గర్వంగా చెప్పిన ఆ వెర్రి కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వీధంతా వినపడాలని ఆ మాటా గట్టిగానే అరిచి ఉంటాడు.