గోడ మీద పుట

మా బావ అచ్చుతప్పుల మనిషి. చేసేవాడు కాదు, పట్టేవాడు. ఒక ముద్రణాలయంలో మెట్ల కింది గదిలో కూర్చుని ముప్పై ఎనిమిదేళ్లు ప్రూఫులు దిద్దాడు. ఏ పుటనైనా రెండుసార్లు చదివేవాడు. మొదట అందరిలాగే, రెండోసారి చివరి వరస నుంచి పైకి. "అర్థం మాయలాడిదోయ్" అనేవాడు నాతో. "చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. కింద నుంచి చదివితే దాని ఆటలు సాగవు."

ఇంట్లోనూ అంతే. మందుసీసా మీది చీటీ కూడా దిద్దందే మూత తీసేవాడు కాదు. "నా మొహాన ఎన్ని ముడతలున్నాయో ఆయనకి తెలీదు గానీ, దగ్గుమందు చీటీలో ఎన్ని కామాలున్నాయో అడుగు, చెప్తారు" అనేది మా అక్క.

రెండేళ్ల కిందట ఆయన చూపు నడిమధ్యన మసక మొదలైంది. అంచులు కనిపిస్తాయి, చూడబోయిందే కనిపించదు. భూతద్దం పెడితే మూడు అక్షరాలు అందులోకి వచ్చేలోపు వరస జారిపోయేది. ఉన్న చూపు ఇంతే, అక్షరాన్నే పెద్దది చేసుకోండి, గోడ మీద వేసుకుని చదవండి అన్నాడు కళ్ల డాక్టరు. అలా వాళ్లింట్లో ప్రొజెక్టర్ల వేట మొదలైంది.

వారం రోజులు మా అక్క వాటి వివరాలు పైకి చదవడం, ఈయన కళ్లు మూసుకుని వినడం. ఒక చవక దాని దగ్గర "ఫోర్‌కే సపోర్ట్" అని చదివిందో లేదో, చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగు. ఫోర్‌కే అన్నాడా, సపోర్ట్ అన్నాడా?"

"రెండూ అన్నాడు."

"అంటే అంత పదునైన బొమ్మనీ లోపలికి తీసుకుంటాడు, గోడ మీదికొచ్చేసరికి కుదించేస్తాడు. కొట్టెయ్."

చివరికి మాకు అందుబాటులో రెండు మిగిలాయి. ఒకటి చిన్నది, నిజంగానే పదునైనది. పుటంతా వేసినా గీత గీతా తేలుతుంది, కానీ గది చీకటిగా ఉండాలి. రెండోది బరువైనది, పదును తక్కువ, వెలుగు ఎక్కువ. కిటికీలు తెరిచి ఉన్నా కనిపిస్తుంది. బావ మనసు మొదటిదాని మీదే. మా అక్క కుట్టుమిషన్ ఉండేది ప్రొజెక్టర్ పెట్టాల్సిన హాల్లోనే, కిటికీ పక్కన.

"పగలంతా తెరలు దించుకుంటే అది ఇల్లా, గబ్బిలాల గుహా? సూదిలో దారం మీరెక్కిస్తారా?" అంది. అన్నది గానీ, ఆ సాయంత్రమే మిషన్‌ని వంటింట్లోకి జరపడానికి చోటు కొలుచుకుంటూ కనిపించింది.

ముగ్గురం షాపుకి వెళ్లాం. షాపు యజమానురాలు మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టి, సముద్రం అడుగున ఈదే చేపల్ని గోడ మీద వదిలింది.

"చూడండి సార్, పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు!"

"చేపలతో నాకేం పని తల్లీ? నేనేమైనా వల తెచ్చానా? అక్షరం పెట్టు."

పరీక్షకు పుటను ఆయనే ఎంచాడు. ఎప్పుడో తాను దిద్దిన యాత్రల పుస్తకంలో నూట పన్నెండోది, వరసలు ఇరుకుగా ఉంటాయని. ఇంట్లో దాన్ని నేనే ఫోనుతో ఫొటో తీశాను. ఆమె దీపాలార్పి, చిన్న ప్రొజెక్టర్‌తో ఆ ఫొటో వేసింది. పుట మొత్తం గోడెత్తున నిలబడింది. బావ లేచి, చేతులు వెనక్కి కట్టుకుని చదివాడు.

"'పడవ ఒడ్డుకు తగలగానే ముందు దిగింది ముసలామె. ఆమె చేతిలో మూతలేని బుట్ట...'"

ఎక్కడా తడబాటు లేదు. యజమానురాలు చప్పట్లు కొట్టింది. మా అక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను మాత్రం గోడ వైపు చూశాను. గోడ మీద పడవ లేదు, ముసలామె లేదు. ఉన్నది గుర్రం డెక్కలో మేకు దిగిన సంగతి. ఫొటో తీసేటప్పుడు నేను రెండు ఆకులు కలిపి తిప్పేశాను.

"ఇదే కట్టించు తల్లీ" అంటున్నాడు బావ.

ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకుంటే మా అక్క వంటింట్లో కుట్టుకుంటుంది, ఆయన చీకట్లో కూర్చుని కంఠతా వచ్చిన పుటలన్నీ గోడకి అప్పజెబుతాడు. కొత్త పుట మాత్రం ఒక్కటీ చదవడు. మంచినీళ్ల వంకతో ఆయన్ని వసారాలోకి తీసుకెళ్లాను.

"బావా, నేను పుట తప్పు తీశాను. అది నూట పన్నెండు కాదు."

తాగబోయిన గ్లాసు దించాడు. "మరి ఏముంది అక్కడ?"

"గుర్రం."

"మేకు గుచ్చుకున్నదా?"

"అదే."

"అదీ నాకొచ్చు కదోయ్! ముందే చెప్తే అదే చదివేవాణ్ణి" అని నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "అబద్ధం ఆడలేదురా. నిజంగా కనిపించిందనే అనుకున్నాను."

ఆయన నన్ను 'రా' అనడం అదే మొదటిసారి.

లోపలికి వెళ్లి, "తల్లీ, నేనెన్నడూ చూడని కాగితం ఏదైనా పెట్టు" అన్నాడు. ఆమె పక్క పెట్టెలోంచి బట్టలుతికే యంత్రం తాలూకు సూచనల పుస్తకం తీసి, ఒక పుటను ఫోనుతో ఫొటో తీసింది. పుటంతా వేస్తే, "బూడిద" అన్నాడు. సగం వేస్తే తల అడ్డంగా ఊపాడు. గోడకి నాలుగే మాటలు పట్టేంత పెంచినప్పుడు, మెడ పక్కకి వాల్చి, చూపు అంచుతో తడుముకున్నాడు. ఆ కొలతలో రెండు ప్రొజెక్టర్లూ మార్చి మార్చి వేసినా, పదునులో ఆయనకు తేడా తెలియలేదు. పెద్ద ప్రొజెక్టర్ వేసి దీపాలన్నీ వెలిగించారు.

"బట్టలు... వేసే ముందు... జేబులు... చూసుకోండి."

నిమిషం పైనే పట్టింది. నుదుట చెమట. "నాలుగు మాటలేసి చదివితే పుట ఎక్కడ కనిపిస్తుంది? పుట చూడకుండా నేనేనాడూ మాట చూడలేదు" అన్నాడు.

"పుట ఎక్కడికీ పారిపోదు, నేను పట్టుకుంటాను లెండి. మీరు మాటలు చూడండి" అంది మా అక్క.

ఆయన మళ్లీ గోడ వైపు తిరిగాడు. "తర్వాతేముంది?" అని అడిగాడు. పెద్దదే కట్టించాం.

మొన్న వెళ్లాను. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. ఆయన దిద్దని, ఎన్నడూ చదవని ఒక నవల గోడ మీద ఉంది. నెల రోజులకి ఇరవయ్యో పుట.

"ఈ పెద్ద కోడలు ఇల్లు వదిలి వెళ్లిపోతుందా, ఉంటుందా? అంతు చిక్కడం లేదోయ్. నువ్వు చదివావా ఇది?"

"చదివాను."

"అయితే నోరు మూసుకుని కూర్చో."

మిషన్ తొక్కుతూనే మా అక్క మీట నొక్కింది. గోడ మీదికి ఇంకో నాలుగు మాటలు వచ్చాయి. ఆయన మెడ వాల్చాడు.