తెల్ల చీరల మూట

ఈ రోజు మా మైపాడు చర్చి ఆడవాళ్ళమంతా కలిసి ఎంత పొరపాటు చేయబోయామో! రామేశ్వరం దిక్కున సముద్రం ఊళ్ళ మీద పడిందనీ, బతికినవాళ్ళకు ఒంటి మీద గుడ్డ లేదనీ పాస్టరుగారు చెప్పారు. ఉన్నవాటిలో మంచివే ఇద్దామనుకున్నాం. మాకు మంచిదంటే ఆదివారం చర్చికి కట్టే తెల్ల చీరే. అవన్నీ మూట కడుతుంటే చేపలమ్మే పోలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. పోయినేడాది సముద్రం మీద వేటకెళ్ళిన ఆమె మొగుడు తిరిగి రాలేదు.

"ఏందక్కా, అన్నీ తెల్ల కోకలేనా? మొగుడొస్తాడని ఒడ్డున కూచోనుండే దాని చేతిలో తెల్ల కోక పెడతారా?"

అక్కడ తెల్ల చీర విధవరాలు కట్టేదని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇవ్వడానికి ఇంకో చీర ఎవరికీ లేదు. గుడ్డలు తీసుకెళ్ళే లారీ సాయంత్రమే వెళ్ళిపోతుంది.

పోలమ్మ ఇంటి ముందు వలలకు రంగు పట్టించే తుమ్మచెక్క నీళ్ళు కాగుతున్నాయి. మూట తీసుకెళ్ళి చీరలు ఒక్కొక్కటే అందులో ముంచాం. చేతులు బొబ్బలెక్కినా ఎవరూ ఆగలేదు. చీరలు వలల ముదురు గోధుమ రంగుకు తిరిగాయి. మూట అడుగున ఇంకా తెల్లగా మిగిలిన వాటిని అందుకోబోతే పోలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అవి అట్టనే ఉండనీ అక్కా. అవి కట్టుకోవాల్సినోళ్ళు కూడా ఉంటారు గదా."

వాటిని వేరే మూట కట్టి అదే లారీలో పెట్టాను. లారీ వెళ్ళిపోయినా నా మనసు కుదుటపడలేదు. మీరైతే ఎన్ని తెల్లగా ఉంచేవాళ్ళు?