ఎలీషా సార్ ఎంచిన కెమెరా

కర్నూలులోని దుకాణంలో సేల్స్‌మన్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరా చేతికిచ్చి, ఒక ఫొటో తీసి చూడమన్నాడు. నొక్కాను. చప్పుడే రాలేదు. "పడలేదేమో," అన్నాను. "పడింది మేడమ్, సూడండి," అంటూ తెర చూపించాడు. అతని ముఖం, వెనక గోడమీది గడియారం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. నా పాత కెమెరా, లోపలి అద్దం లేచిపడి టక్కుమని మోగేది. ఏళ్ళ తరబడి చెవి పక్కన విన్న ఆ చప్పుడు లేకపోయేసరికి, ఆ కెమెరాను నాకోసం ఎంచిన ఎలీషా సార్ ఇక లేరన్న సంగతి కొత్తగా తెలిసినట్టయింది.

బేతంచెర్ల స్టేషన్ దారిలో ఉండేది ఆయన ఫొటో స్టూడియో. నాపరాళ్ళు పాలిష్ పట్టే దుమ్ము ఊరంతా పరచుకునేది. అందుకని పొద్దున రాగానే మెత్తటి గుడ్డతో కెమెరాలు తుడిచి గానీ ఆయన టీ కూడా తాగేవారు కాదు. పెళ్ళయి ఆ ఊరికి వచ్చిన నేను, అక్కడ కంప్యూటర్‌లో ఆల్బమ్‌లు తయారుచేసే పనికి చేరాను. రెండేళ్ళ తర్వాత ఒక నిఖాలో ఆడవాళ్ళ గదిలోకి ఫొటోలు తీసే ఆడమనిషి కావాలని అడిగారు. సార్ కెమెరా తెచ్చి నా ముందు పెట్టారు.

"నాకు రాదు సార్," అన్నాను.

"ఇన్నాళ్ళూ నేను తీసిన వాట్లో తప్పులు పడతాండావు గదమ్మా. సూసేది వచ్చినాక తీసేది యెంతసేపు?"

ఆ మాటతోనే వెళ్ళాను. తర్వాత ఒక పెళ్ళిలో అప్పగింతల వేళ, తీసిన ప్రతి ఫొటోనూ తెరమీద చూసుకుంటూ నిలబడ్డాను. సార్ వెనకనుంచి వచ్చి మెల్లగా అన్నారు: "తీసింది యాడికీ పోదు లేమ్మా. ఆ తల్లి పోతాంది, సూడు." తలెత్తేసరికి పెళ్ళికూతురి తల్లి కొంగుతో ముఖం కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఫొటో నాకు దక్కలేదు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒకరోజు కొత్త కెమెరా కొందామని ఇద్దరం రైలెక్కి కర్నూలు వచ్చాం. ఆయనకు ఒక పెద్ద, బరువైన కెమెరా మీద ఎప్పటినుంచో మనసు. దుకాణంలో దాన్ని రెండు చేతులతో ఎత్తి కంటికి ఆనించుకున్నారు. కాసేపటికి దించి, బల్లమీద పెట్టేశారు. "ఈ చిన్నది పట్టుకో సూద్దాం," అని మరొకటి నా చేతికిచ్చి, నా వేళ్ళు మీట దాకా అందుతున్నాయో లేదో వంగి చూశారు. అదే కొన్నారు.

తిరుగు రైల్లో ఉండబట్టలేక అడిగాను. "మీరు ఇష్టపడింది అది కదా సార్?"

"ఇష్టపడింది నేను. తీయాల్సింది నువ్వు," అని కుడిచెయ్యి నా ముందు చాపారు. వేళ్ళు వణుకుతున్నాయి. "శానా నాళ్ళుగా ఇట్లే ఉండాది. ఇంట్లో చెప్పొద్దమ్మా."

కిటికీవైపు తిరిగి కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన ఏ పెళ్ళిలోనూ కెమెరా పట్టుకోలేదు.

స్టూడియో నాకప్పగించి, మంగంపేటలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసేవారు. పాత కెమెరా చీకటి హాళ్ళలో సరిగా తీయడంలేదని ఒకసారి చెప్పాను. "మార్చెయ్," అన్నారు. మీరిచ్చింది కదా సార్ అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "నేనిచ్చినానని మసక ఫొటోలు తీస్తావా? పెండ్లివాళ్ళు ఏం పాపం చేసినారు?" అయినా మార్చలేదు. ఈ ఎండాకాలం ఆయన పోయారు. ఆ తర్వాత నాలుగు నెలలకు, కొత్తది కొనడానికి ఇలా కర్నూలు వచ్చాను.

కొన్నాను. మొదటి పెళ్ళి కమలాపురంలో. చిన్న హాలు, ఆ మూల ఒకటి ఈ మూల ఒకటి లైట్లు. అయినా ఫొటోలు అద్దంలా వచ్చాయి. శానా బాగుండాయని పెళ్ళివారు మళ్ళీమళ్ళీ అన్నారు. ఇంటికొచ్చి వాటిని ఒక్కొక్కటే తెరమీద పెట్టుకుని కూర్చున్నాను. బాగున్నాయనే మనుషులు నాకిప్పుడు చాలామంది ఉన్నారు. ఇందులో ఏం తక్కువైందో చెప్పే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆల్బమ్ ఇచ్చేముందు ఇప్పటికీ ఒక పూట ఆగుతాను, ఆయన ఏమనేవారో విందామని.