అబ్రహాం కనురెప్పలు

పుప్పాలగూడ నివాసి అబ్రహాం, గచ్చిబౌలి కంపెనీల ఉద్యోగులను చేరవేసే బస్సుకు డ్రైవరు. ఆదివారం మందిరంలో వాక్యపఠనం ఆయనదే. ఏలూరు నుండి తెచ్చుకున్న ఆ గంభీరస్వరం లేచిందంటే వెనుక వరుసలోని పసిబిడ్డలు సైతం ఏడుపు మానేవారు. నరాలను క్షీణింపజేసే వ్యాధి మొదట ఆయన చేతులను, పిమ్మట కాళ్లను, కడపట ఆ స్వరాన్ని హరించింది. ఒకమారు రెప్ప ఆర్పితే అవును, రెండుమార్లు ఆర్పితే కాదు. ఆ వాక్పటువుకు మిగిలిన వాక్కు అంతే.

సమీపంలోని ఒక పరిశోధనశాలలో, తలకు టోపీ తొడిగి మెదడులోని విద్యుత్తరంగాలను చదివే యంత్రాన్ని ఆయనపై పరీక్షిస్తున్నారు. తెరపై అక్షరాలు ఒకటొకటిగా మెరుస్తాయి. తాను కోరిన అక్షరం మెరిసినప్పుడు చూసేవాని మెదడులో ఒక తరంగం ఎగసిపడుతుంది. దానిని పట్టి యంత్రం ఆ అక్షరాన్ని రాస్తుంది. అబ్రహాం విషయంలో ఆ తరంగం ఎన్నడూ లేవలేదు. వెనుక కూర్చుని గీతలు చూసే ఇంజనీరు సరిత ప్రతిసారీ నిట్టూర్చేది.

"అంకుల్, మళ్ల నిద్రవోయిండ్రా? గీతలు గట్లనే చెప్తున్నయి."

అబ్రహాం రెండుమార్లు రెప్పలార్పేవాడు. యంత్రం అవునంటుండగా ఆ కాదును నమ్మేదెవరు?

పరీక్షకు అది చివరి రోజు. ఆనాడైనా ఫలితం రాకపోతే యంత్రం మరొక రోగికి వెళుతుంది. భార్య సుగుణ ఎప్పటివలెనే ప్రక్కన కూర్చుని, కళ్లు మూసుకుని, మెల్లని గొంతుతో ప్రార్థన ఆరంభించింది. "తండ్రీ, ఆయన నోరు తెరువుము" అనేసరికి ఏడుపు వచ్చింది. కన్నీరు తుడుచుకోవడానికి కళ్లు తెరిచింది. తెరపై అక్షరాలు మెరుస్తూనే ఉన్నాయి. అబ్రహాం, మందిరంలో కూర్చున్నట్లే, భక్తితో కళ్లు మూసుకుని ఉన్నాడు.

"అయ్యో, నేనేనమ్మా అడ్డం!"

"ఏమైంది ఆంటీ?"

"ప్రార్థన వినబడితే ఆయన కళ్లు తెరవరండి. బస్సెక్కితే నన్ను ప్రార్థన చెయ్యనిచ్చేవారే కాదు. 'స్టీరింగ్ నా చేతిలో ఉందే, దేవుడి దగ్గరికి అంత తొందరేం లేదు' అనేవారు."

సరితకు నవ్వాగలేదు. "గంతేనా! కండ్లు మూసుకున్నా గీతలు నిద్ర లెక్కనే ఉంటయి. నేనేమో అంకుల్‌ని ఊకె నిద్రమొహం అనుకుంటి. అయితే జర సప్పుడు చెయ్యకుండ కూసోండ్రి."

సుగుణకు అది సులభం కాలేదు. భర్త మంచం పట్టిన నాటినుండి ఆమె చేయగలిగినది ఆ ప్రార్థన ఒక్కటే. కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. పలుకకమునుపే మొర వినేవాడు ఈ మౌనాన్నీ వింటాడని మనసుకు నచ్చజెప్పుకుంది.

తెరపై 'ఇ' నిలిచింది. చాలాసేపటికి 'క' వచ్చింది. తరువాత ఒక అక్షరం తప్పుపడి, చెరిగి, తిరిగి పడింది. చివరకు రెండు మాటలు వెలిశాయి.

ఇక చెయ్యి.

"ఏం చెయ్యాల్నట ఆంటీ?"

సుగుణ కొంగు తొలగించి, "తండ్రీ" అన్నది. అబ్రహాం రెప్పలు వాలాయి. ఆయన నిద్రపోతున్నాడని గీతలు మళ్లీ చెప్పసాగాయి. సరిత యంత్రాన్ని ఆపివేసింది.