రెండో సంతకం

నాకు కూర్చుని ఆలోచించడం రాదు. కోపం వస్తే వంటగది నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటగదికి తిరుగుతాను. మొన్నటి ఎండాకాలమంతా అలా తిరుగుతూనే ఉన్నాను. అమీర్‌పేటలో మా సందు అసలే ఇరుకు. ఎదురుగా ఉన్న హాస్టల్ వాళ్లు పిల్లలు ఎక్కువయ్యారని వంటను లోపలి నుంచి సందులోకి తెచ్చేశారు. రోడ్డు మీదే రేకులు వేసి, రెండు పెద్ద పొయ్యిలు పెట్టి, పొద్దున్నే ఎండుమిరపకాయల తాలింపు మొదలుపెట్టేవాళ్లు. ఆ ఘాటు తిన్నగా మా రెండో అంతస్తుకు వచ్చేది.

సందులో అందరూ దగ్గేవాళ్లు, అందరూ తిట్టేవాళ్లు. మా అమ్మాయికి మాత్రం ఊపిరి ఆడేది కాదు. చిన్నప్పటి నుంచీ దానికి ఉబ్బసం. ఇరవై నాలుగేళ్ల పిల్ల కిటికీలన్నీ మూసుకుని, మంచం అంచున ముందుకు వంగి కూర్చుని గాలి కోసం తంటాలు పడుతుంటే, ఆ పొయ్యిలు రెండూ తన్ని పడేయాలనిపించేది. ఒకరోజు నిజంగానే కిందికి దిగాను. వంటాయన గరిటె ఆపకుండానే, "మేడం, గిది మీ జాగా గాదు గదా. సర్కారు రోడ్డు" అన్నాడు.

"మరి నీదా?" అని అరిచి పైకొచ్చాను.

ఫిర్యాదులు పెట్టాను. ఎవరో వచ్చి చూసి వెళ్లేవారు. రేకులు రెండు రోజులు దిగి, మూడో రోజు మళ్లీ లేచేవి. ఇక కోర్టే దిక్కనుకుని పంజాగుట్టలో ఒక లాయరు గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన నన్ను కూర్చోమన్నా నేను నిలబడే మొత్తం చెప్పాను. నిదానంగా విని, "అమ్మా, రోడ్డు అందరిది. అందరికైన తకలీఫ్ మీద ఒక్కరొచ్చి దావా వెయ్యరాదు. కనీసం ఇద్దరు కావాలె, కోర్టు పర్మిషన్ సుత కావాలె" అన్నాడు.

"ఊపిరాడక చస్తుంటే ఇంకొకళ్ల తోడు తెచ్చుకోవాలా? ఇదేం చట్టమండీ?"

"లేకుంటే ఎవరికి కోపమొస్తే వాళ్లు ఉరికొచ్చి కేసు పెడ్తరమ్మా" అంటూ నా వైపు చూసి నవ్వాడు. "ఇంకో తొవ్వ ఉంది. అందరికీ అయిన దానికంటే మీకు వేరే నష్టం, స్పెషల్‌గ, అయిందని చూపిస్తే ఒక్కరే వెయ్యొచ్చు. గట్లాంటిది ఏమన్న ఉందా?"

"ఉందండీ. డబ్బా నిండా మందుల చీటీలున్నాయి."

"ఇంకేం ఫికర్? తీసుకురాండ్రి."

అమీర్‌పేటకు మెట్రోలో ఒక్క స్టేషనే. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చాను. ఇంటికి రాగానే బిస్కట్ల డబ్బా దించి చీటీలన్నీ మంచం మీద పరిచాను. అప్పుడు చూశాను. అన్నిటి మీదా నా పేరే ఉంది.

ఎవరి పొరపాటూ కాదు, నేను చేసిందే. యూసుఫ్‌గూడ క్లినిక్‌లో చీటీ రాసేచోట పేరడిగినప్పుడల్లా నా పేరే చెప్పేదాన్ని. లోపల డాక్టరు గారు చూసేది మా అమ్మాయిని, కాగితం మీద మాత్రం నేను. పెళ్లి సంబంధాల వాళ్లు ఎక్కడెక్కడో వాకబు చేస్తారు, వరసలో మనవాళ్లెవరైనా ఉంటే ఊరంతా పాకుతుంది అని నా భయం. చేసి చేసి అలవాటై, దాచిపెడుతున్నానన్న సంగతే మరిచిపోయాను. కాగితాల ప్రకారం ఉబ్బసం నాకు. నేనేమో కోపం వస్తే రెండంతస్తులు ఒక్క ఊపున దిగే మనిషిని! నాకే ఉందని చెప్పేస్తే పోలేదా అని కూడా ఒక క్షణం అనుకున్నాను. సిగ్గేసింది.

సరే, ఇద్దరు కావాలన్నారు కదా, రెండో మనిషిని వెతుకుదామని గడప గడపా ఎక్కాను. కింది అంతస్తు ఇల్లుగలామె, "మస్తు పరేషాన్ ఉంది గనీ వదినా, మా మూడు రూములు గా హాస్టలోళ్లకే కిరాయికిచ్చినం. నా పేరు రాస్తే ఖాళీ చేసి పోతరు" అంది. పై అంతస్తు మాస్టారు, "మీరు వెయ్యండమ్మా, మేం వెనకాల ఉంటాం" అన్నారు. వెనకాల ఉంటామనేవాళ్లతో సందంతా నిండిపోయింది. పిల్లి మెడలో గంట కట్టేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టాను. "కాగితం మీద పేరు రాయడానికి ఇంత భయమేంటి వీళ్లకి?"

మా అమ్మాయి మంచం మీద ఇంకా పరిచే ఉన్న చీటీల మధ్య కూర్చుని ఉంది. తల ఎత్తకుండా, "నీకు లేదా అమ్మా?" అంది.

విసిరిన చెప్పులు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను.

"ఇద్దరు వేరే వేరే ఇళ్ల వాళ్లు అయ్యుండాలన్నారా?" అని అడిగింది. లాయరు గారికి ఫోన్ చేశాను. "తల్లీబిడ్డలైతే ఏందమ్మా? ఇద్దరైతే సాలు. పర్మిషన్ ఇచ్చుడు కోర్టు ఇష్టం" అన్నాడు. వెంటనే అది తెల్లకాగితం తీసుకుని మా ఇబ్బందంతా రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం, నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది.

"ఇద్దరం వేస్తే ఆ మాట అక్కర్లేదు కదే. తీసెయ్."

"ఇదంతా నా ఊపిరి కోసమే కదా. అందులో నేనే లేకపోతే ఎలా?"

సంతకం పెట్టి కాగితం నా వైపు తోసింది. నేను కూర్చున్నాను. చాలాసేపు కూర్చునే ఉన్నాను. ఆ తర్వాత దాని పేరు కింద నా పేరు రాశాను. రెండో సంతకం నాదయింది.

కోర్టు అనుమతి ఇంకా రాలేదు. పొయ్యిలు మండుతూనే ఉన్నాయి, నా తిరుగుడూ ఆగలేదు. అయితే సంతకాలు పెట్టిన మర్నాడు లాయరు గారికి కాగితం ఇవ్వడానికి వెళ్లేముందు, తన పేరున ఒక్క చీటీ అయినా ఉండాలని అది నన్ను క్లినిక్‌కు తీసుకెళ్లింది. వరసలో ముందు ముగ్గురు, వెనక ఐదుగురు. చీటీ రాసే అమ్మాయి పేషెంట్ పేరేంటని అడిగింది. అలవాటుగా నా నోరు తెరుచుకుంది. అంతలో మా అమ్మాయి తన పేరు అందరికీ వినపడేలా చెప్పింది. నేను గాభరాగా చుట్టూ చూశాను. ఎవరూ మా వైపు చూడటం లేదు.